మూడో బ్యాటరీ

పాండిచ్చేరిలో, సారం పేటలో కామరాజ్ సాలై మీద, స్పీడ్ బ్రేకర్‌కి సరిగ్గా ఎదురుగా ఉండే వైరింగ్ కొట్టు కుప్పుస్వామిది. బోర్డు మీద పేరు అరవంలో ఉంటుంది. ఇంట్లో తాతల నాటి నుంచీ తెలుగే, కానీ ఆ తెలుగుని రాసి చూపిస్తే అది తన పేరో పాయసమో అతనికి తెలియదు. చదవడం రాకపోతేనేం, మోపెడ్ మొదలుకొని లారీ దాకా బండి కడుపులో ఉండే ప్రతి వైరునీ రంగు చూసి పేరు పెట్టి పిలవగలడు. పై వరసలో అతనికి ఒక పన్ను సగమే ఉంటుంది. ఏళ్ల తరబడి వైరు తొడుగు పంటితో కొరికి లాగితే అరిగిపోయిన పన్ను అది. కటింగ్ ప్లేయరు జేబులోనే ఉంటుంది, అయినా పంటితోనే కొరుకుతాడు. అదేమంటే, "ప్లేయరుకి రాగి యాడ మొదలౌతాదో తెలీదు, పంటికి తెలుస్తాది" అంటాడు. ఆ మాట నమ్మి కొరికినవాళ్లు ఇద్దరు ముగ్గురు పళ్ల డాక్టరు దగ్గర తేలారు.

కుప్పుస్వామి కట్టిన వైరు కార్తీక మాసం వానకి కూడా భయపడదని ఆ వీధిలో ఒక మాట ఉండేది. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు, ఎక్కువసార్లు అన్నది మాత్రం కుప్పుస్వామే. అతనికో పద్ధతి కూడా ఉండేది. పని అయిపోయాక మొదటి స్విచ్చు తను వేసేవాడు కాదు. ఓనరు చేత్తోనే వేయించేవాడు. దీపం వెలగగానే ఓనరు మొహం వెలుగుతుంది చూడండి, అది చూడ్డం కోసమే ఈ పనిలో ఉన్నానని భార్య జయమ్మాళ్‌తో అనేవాడు. జయమ్మాళ్ "ఊఁ, దానితోనే కూర వండతా" అనేది.

మనిషి మంచివాడే. చెయ్యి మంచిది. నోరే, పొగడ్తకి అలవాటు పడ్డ నోరు.

రెండు వేల ఎనిమిదిలో పాండిలో బ్యాటరీ సైకిళ్ల పిచ్చి పట్టుకుంది. లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున పరుగెత్తుతుంది. వేసవి మొదట్లో అలాంటి నీలం రంగు సైకిలొకటి తోసుకుంటూ నిర్మల కొట్టుకి వచ్చింది. వెనక వీధిలో ఉండే విజయరంగన్ చెల్లెలు ఆమె. బాహూరు దగ్గర పొలాలున్న కుటుంబం, రెడ్డియార్లు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. కురుచికుప్పంలో చేపల పని చేసే ఆడవాళ్లకి సంఘం వాళ్లు పెట్టిన కుట్టు తరగతిలో టీచరు. ఇన్నేళ్లూ అన్న బైకు వెనక కూర్చుని పోయేది. అన్నకి పనుంటే తరగతి లేదు, అన్నకి కోపం వస్తే తరగతి లేదు. తన జీతంతో ఈ సైకిలు కొనుక్కుంది. విజయరంగన్‌కి అది కంట్లో నలుసు.

"అన్నా, దీనికి సిగ్నల్ లైట్లు పెట్టాల," అంది నిర్మల.

"బ్యాటరీ సైకిలికి సిగ్నలు ఎందుకమ్మా? చెయ్యి చాపితే సరిపాయె."

నిర్మల కుడిచెయ్యి ఎత్తి చూపించింది. అది రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. చిన్నప్పుడు బస్సు మెట్టు మీద నుంచి పడితే భుజం అట్లా అతుక్కుంది. కుట్టు పనికి అడ్డం రాదు కానీ పక్కకి చాచలేదు.

"నిన్న కుడిపక్క తిరగతా ఉంటే వెనకొచ్చిన వ్యాను తగిలేసుండేది. ఇంట్లో చెప్పలా. చెప్తే సైకిలు అమ్మేస్తాడు పెద్దన్న. వెనక బ్రేకు లైటు కూడా పెట్టన్నా. నేను ఆగతానని ఎనకాల వాడికి తెలియాల కదా."

కుప్పుస్వామికి ఆ పిల్ల మీద జాలి కలిగింది, ముచ్చటా వేసింది. "పెడతా. పాండి మొత్తంలో సిగ్నలున్న బ్యాటరీ సైకిలు నీదొకటే ఉంటాది, చూస్కో" అన్నాడు.

సీటు కింద పెట్టె తెరిచాడు. మూడు బ్యాటరీలు ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని వరసగా కూర్చున్నాయి. ఒక్కొక్కటీ పన్నెండు ఓల్టులు, మూడూ కలిస్తే ముప్పై ఆరు. మోటారుకి ముప్పై ఆరూ కావాలి. కొట్టులో ఉన్న బైకు బల్బులకి పన్నెండు చాలు. ముప్పై ఆరుని పన్నెండుగా దించే కన్వర్టర్ డబ్బాలు చెన్నైలో దొరుకుతాయని విన్నాడు. కానీ కళ్లెదురుగా పన్నెండు కూర్చుని ఉంటే చెన్నై దాకా ఎవడు పోతాడు? మూడో బ్యాటరీ చివర్న చేతికి అందేట్టు ఉంది. దాని ఒక కొన నుంచి దీపాలకి వైరు లాగాడు, రెండో కొనని సైకిలు ఒంటికి బిగించాడు. బైకులకి ఎప్పుడూ అంతే చేస్తాడు. వచ్చే కరెంటుకి వైరు, తిరిగిపోయే కరెంటుకి బండి ఇనుమే దారి. బాడీ ఎర్త్ అంటారు. సగం వైరు మిగులుతుంది, పని చూడముచ్చటగా ఉంటుంది.

ఒక్క సంగతి అతనికి తట్టలేదు. బైకులో ఉండేది ఒకటే బ్యాటరీ, తిరిగేటప్పుడు ఇంజను దాన్ని నింపుతూనే ఉంటుంది. ఈ సైకిల్లో నింపే ఇంజను లేదు. రాత్రి ఛార్జరు మూడింటికీ ఒకే కొలతగా పోస్తుంది. ముగ్గురు కోడళ్లకీ సమంగా అన్నం పెట్టి, ఒక్కదాని చేతే అదనంగా నీళ్లు మోయిస్తే ఏమవుతుంది? ఆ ఒక్కతీ మంచాన పడుతుంది. బైకు బల్బులు కరెంటు ఎక్కువ తాగుతాయి, పైగా సాయంత్రం వెనక దీపం ఇంటికొచ్చేదాకా వెలగాలాయె. మూడో బ్యాటరీకి ఆ రోజే నూకలు చెల్లాయి.

అదేదీ ఆ సాయంత్రం కనబడలేదు. బ్రేకు పట్టుకుంటే వెనక ఎర్రగా వెలిగింది. కుడి సిగ్నలు టిక్ టిక్‌మంటూ ఆరి వెలిగింది. మొదటి స్విచ్చు నిర్మల చేత్తోనే వేయించాడు. ఆమె సైకిలు వెనక్కి పోయి, వంగి, పచ్చగా మిణుకుతున్న దీపాన్ని చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కుడిచెయ్యి పైకి రాదు కాబట్టి కడుపు దగ్గరే కొట్టింది.

వేసవంతా ఆ సైకిలు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎర్రగా వెలిగి, దాటి పోవడం కుప్పుస్వామికి నిత్యపూజ అయిపోయింది. కొట్టు దగ్గర టీ తాగేవాళ్లకి చూపించేవాడు. "చూసినావా? ఎవరిదనుకున్నావు ఆ వైరింగు?"

ఆగస్టులో ఆవణి మాసం వచ్చేసరికి సైకిలు ఆయాసపడడం మొదలుపెట్టింది. కురుచికుప్పం పోయి రావాల్సింది, సగం దారిలో నిలబడిపోయేది. ఒకరోజు నడిరోడ్డు మీద ఆగిపోతే నిర్మల ఎండలో ఇంటిదాకా తోసుకొచ్చింది. మర్నాడు పొద్దున విజయరంగనే చెల్లెల్నీ సైకిల్నీ వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు. పొద్దున టీ వేళ, కొట్టు ముందు జనం ఉన్నారు.

"ఏంది కుప్పుస్వామీ ఇది? కొని ఆరు నెల్లు కాలా. నీ లైట్ల వల్లనా, ఇంకేమన్నానా? చూసి చెప్పు," అన్నాడు విజయరంగన్, అందరికీ వినబడేట్టు.

కుప్పుస్వామి ఓల్టులు కొలిచే మీటరు తీశాడు. ఎర్ర ముల్లు, నల్ల ముల్లు మొదటి బ్యాటరీకి తగిలించాడు. పన్నెండు దాటి చూపించింది. రెండోదీ అంతే. మూడోదానికి పెట్టాడు. పది కూడా రాలేదు.

ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తను కట్టిన వైరు, తను బిగించిన నట్టు, దాని పక్కనే చచ్చిపోతున్న బ్యాటరీ. ఇంకెవరూ ఆ అంకెని చూడలేదు. మీటరు అతని చేతిలో అతని వైపే తిరిగి ఉంది. తల ఎత్తితే టీ గ్లాసులతో నలుగురూ చూస్తున్నారు, ఎవరిదనుకున్నావు ఆ వైరింగు అని తను రోజూ అడిగిన నలుగురు. విజయరంగన్ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. కుప్పుస్వామి మీటరు ఆపేశాడు.

"వైరింగులో ఏం లేదు రెడ్డియారే. ఛార్జింగు సరిగ్గా చూసుకోలేదు పాప. ఓ రోజు ఎక్కువ, ఓ రోజు తక్కువ పెట్టుంటాది. బ్యాటరీ అంటే పసిబిడ్డ లెక్క. టయానికి పాలు పట్టకపోతే చచ్చిపోతాది."

పసిబిడ్డ పోలిక అందరికీ నచ్చింది. ఎవరో నవ్వారు కూడా. విజయరంగన్ చెల్లెలి వైపు తిరిగాడు. "నేను ఆ రోజే చెప్పలా? నీ చేతికి మిషను ఇస్తే ఇంతే అని?"

రోజూ కుట్టు మిషన్ల మధ్య బతికే మనిషి అది. అయినా ఎదురు తిరగలేదు. "రాత్రి పెట్టి పొద్దున తీసేస్తానే అన్నా... ఏమో, నాకు సరిగ్గా తెలీలేదేమో" అని సైకిలు తిప్పుకుంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. పెద్దలకేం, చెప్పి పోయారు. కుప్పుస్వామి ఆ పూట మూడు సార్లు చేతులు కడుక్కున్నాడు.

సైకిలు విజయరంగన్ ఇంటి వెనక పంచలోకి పోయింది, దాని మీద గోనెసంచి కప్పారు. నిర్మల నడిచి బస్సెక్కడం మొదలుపెట్టింది. బస్సు దొరికిన రోజు తరగతికి పోయేది, లేని రోజు మానేసేది. కొట్టు ముందు నుంచే నడిచేది. ఆమె వస్తున్నట్టు కనబడితే కుప్పుస్వామి ఏదో ఒక బండి కింద దూరేవాడు. తేలు కుట్టిన దొంగ ఎట్లా అరవగలడు?

ఒకరోజు దూరడానికి బండి లేకుండా దొరికిపోయాడు. ఆమే ఆగింది.

"అన్నా, ఆ రోజు నీకు ఊరికే శ్రమ ఇచ్చినా. నువ్వు ఎంత బాగా కట్టిచ్చినావు. నాకే వాడుకోను చేతకాలా."

తిట్టి ఉంటే బాగుండేది. కుప్పుస్వామి "పర్లేదమ్మా" అన్నాడు. పర్లేదట! ఎవరి తప్పుని ఎవరు క్షమించారు?

మనసు మాత్రం ఊరుకుంటుందా, సాకులు వెతికింది. బ్యాటరీ కంపెనీదే నాసిరకం అయ్యుంటుంది. ఛార్జరు పాడై ఉంటుంది. నిజంగానే ఆ పిల్ల సరిగ్గా పెట్టలేదేమో ఎవరికి తెలుసు? ఇవన్నీ పగలు బాగానే నిలిచేవి. మీటరు చేతిలోకి తీసుకోగానే కూలిపోయేవి. ఏ బండికి ముళ్లు తగిలించినా, అంకె రాకముందే కళ్లముందు ఆ పదికి తక్కువ అంకె కనబడేది.

ఆ మరుసటి నెల, పెరటాసిలో, జయమ్మాళ్ జాకెట్టు కుట్టించుకోను నిర్మల ఇంటికి పోయొచ్చింది. వచ్చి చెంబు నీళ్లు తాగి చెప్పింది.

"ఆ పిల్లకి ఏమయిందో ఏమో. జాకెట్టు ఇస్త్రీ చేసి ఇమ్మంటే వదినని పిలిచి ప్లగ్గు పెట్టించింది. ఏందమ్మా అంటే, కరెంటు వస్తువు నేను ముట్టుకుంటే పాడైపోతాదక్కా అనింది. మిక్సీ కూడా తాకదంట. ఆ ఇంట్లో వాళ్లన్న అందరికీ చెప్పి నవ్వుతాడంట, దాని చెయ్యి పడితే బ్యాటరీ చచ్చిందని. కురుచికుప్పం సంఘం వాళ్లు వారానికి ఇన్నిసార్లు మానేస్తే ఎట్లా అని, దీపావళి అయినాక ఆ తరగతి ఇంకెవరికో ఇస్తారంట. పావం."

కుప్పుస్వామి అన్నం కలుపుతున్నవాడు ఆపేశాడు.

"ఏందట్లా చూస్తావు?" అంది జయమ్మాళ్.

"నేనే చంపినా," అన్నాడు.

"ఎవర్ని?"

"బ్యాటరీని." అని, కాసేపాగి, మిగతాది చెప్పాడు. మూడో బ్యాటరీ, మీటరు, టీ తాగేవాళ్లు, పసిబిడ్డ పోలిక, అన్నీ. జయమ్మాళ్ విన్నది. ఆమె నోరున్న మనిషి, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అతని కంచంలోకి చూస్తూ, "బ్యాటరీనే అయితే పోనీలే అందును" అంది. లేచి వెళ్లిపోయింది.

ఆ వారమే ఆయుధపూజ. ముందు రోజు కుప్పుస్వామి కొట్టు కడిగి, స్పానర్లు, ప్లేయర్లు, సోల్డరింగ్ రాడ్డు వరసగా చాప మీద పేర్చి ఒక్కొక్కదానికీ గంధం, కుంకుమ పెడుతూ వచ్చాడు. ఒకసారి బొట్టు పెట్టి పూజలో ఉంచిన పనిముట్టుని విజయదశమి పొద్దుటి దాకా ముట్టుకోకూడదు. అన్నిటికీ పెట్టాడు. మీటరు దగ్గరికి వచ్చేసరికి గంధం వేలు గాల్లోనే ఆగిపోయింది. దానికి దండం పెట్టే మొహం తనకి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప దానికి ఇంకేం చేతకాదు. దాని నోరు నొక్కింది తనే.

మీటరు చొక్కా జేబులో వేసుకుని, ఇంకా ఎండ ఉండగానే విజయరంగన్ ఇంటికి నడిచాడు.

విజయరంగన్ వాకిట్లో బైకు కడుగుతున్నాడు. నిర్మల మెట్టు మీద కూర్చుని పాత గుడ్డలు ఇస్తోంది. కుప్పుస్వామి చెప్పులు బయటే విడిచి వచ్చి, నిలబడే చెప్పాడు. "నిర్మలమ్మా, నీ సైకిలు నీ వల్ల పాడుకాలా. నేను ఒకే బ్యాటరీ నుంచి లైట్లకి లాగినా. ఆ బ్యాటరీ తగ్గతా తగ్గతా చచ్చిపోయింది. నీ ఛార్జింగులో తప్పేం లేదు."

నిర్మల చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. ముందు మాట్లాడింది విజయరంగనే. బకెట్టు పక్కన పెట్టి నవ్వాడు. "దీనికి ఇంటిదాకా రావాలనా? కొత్త రకం బండి, నీకు మాత్రం ఎట్లా తెలుస్తాది? ఇప్పుడు యాడనో విన్నుంటావు, వచ్చి చెప్పినావు. అంతే కదా? పోనీలే."

తలుపు తెరిచి పట్టుకున్నట్టే. దూరిపోతే చాలు. కొత్త బండి, తెలియక చేశాను, ఇప్పుడే తెలిసింది. పరువూ పోదు, పాపమూ పోయినట్టే ఉంటుంది. కుప్పుస్వామికి నిజంగానే నోటిదాకా వచ్చింది ఆ మాట.

నిర్మల తలెత్తి అడిగింది. "ఇప్పుడు తెలిసిందా అన్నా? ఆ రోజే తెలుసునా?"

ఆమె కళ్లలోకి చూడలేక మీటరు ఉన్న జేబుని చూసుకున్నాడు.

"ఆ రోజే. మీటరు పెట్టినప్పుడే తెలిసిపాయె."

కుళాయి కట్టలేదు, నీళ్లు పొర్లిపోతున్నాయి. విజయరంగన్ నవ్వు మానేసి కుళాయి వైపు పోయాడు.

"తెలిసి చెప్పినావు," అంది నిర్మల. ప్రశ్న కాదు అది. "నెల దాటిందన్నా. ఈ ఇంట్లో గ్రైండరు ఆగినా నా మొహమే చూస్తారు. తరగతిలో పిల్ల మిషను దారం తెంపితే కూడా, నేను పక్కన నిలబడినా కాబట్టేమో అనుకుంటా."

"తప్పయిపోయిందమ్మా. కొత్త బ్యాటరీలు నేనే తెచ్చి పెడతా. చెన్నై పోయి కన్వర్టరు..."

"అది తరవాత. ఇంటికొచ్చి నా చెవిలో చెప్తే ఏం లాభం? యాడ నిలబడి అన్నావో ఆడ నిలబడి చెప్పు. రేపు పూజకి బండ్లన్నీ వస్తాయి కదా. నాదీ తెస్తా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. మర్నాడు సాయంత్రం కుప్పుస్వామి పరిస్థితి అంతకంటే కనాకష్టం. కొట్టు ముందు నిజంగానే దిష్టి గుమ్మడికాయ కూర్చుని ఉంది, పక్కన మరమరాలు, శనగలు. ఆటోలు, మోపెడ్లు, ఒక సరుకుల వ్యాను మామిడాకులు కట్టుకుని వరసగా నిలబడ్డాయి. ఏడాది పొడుగునా తను వైరు కట్టిన బండ్లు. వరస చివరికి నిర్మల సైకిలు తోసుకుంటూ వచ్చి నిలబెట్టింది. గోనెసంచి దుమ్ము తుడవలేదు. బొట్టు పెట్టలేదు. జయమ్మాళ్ పోయి ఆమె పక్కన నిలబడింది, మొగుడి పక్కన కాదు.

హారతి వెలిగించాల్సిన వేళ కుప్పుస్వామి మీటరు చేతిలోకి తీసుకున్నాడు. "పూజ రోజు పనిముట్టు ముట్టుకుంటావా అన్నా?" అన్నాడు ఒక ఆటో డ్రైవరు. కుప్పుస్వామి సైకిలు సీటు కింద పెట్టె తెరిచి, ఒక్కో బ్యాటరీకీ ముళ్లు తగిలించి, మీటరు జనం వైపు తిప్పి పట్టుకున్నాడు. మొదటిది. రెండోది. మూడోది ఇప్పుడు ఏడు దగ్గర కూడా నిలబడడం లేదు.

"ఇదో, ఈ మూడోదానికి నేనే వైరు కట్టినా. దాన్ని తాగేసింది నా లైట్లు. ఆవణిలో ఈడనే నిలబడి, ఈ పిల్లకి ఛార్జింగు చేతకాదని చెప్పినా. మీరంతా విన్నారు. అది అబద్ధం. చెప్పేటప్పుడే నాకు తెలుసు అబద్ధమని. మీ ముందర పరువు పోతాదని చెప్పినా."

సరుకుల వ్యాను అతను, "అయితే నా వ్యానుకేం చేసినావో పో!" అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వు కుప్పుస్వామి కోరి తెచ్చుకున్నదే, అయినా చురుక్కుమంది. ఒకడు తన మోపెడ్ సీటు ఎత్తి కింద వైర్లు చూసుకున్నాడు. విజయరంగన్ వచ్చాడో లేదో అతను చూడలేదు. వచ్చి వెనకాల నిలబడి, విని పోయాడని జయమ్మాళ్ తరవాత చెప్పింది.

హారతి ఇచ్చాడు. గుమ్మడికాయ కొట్టాడు. అందరికీ మరమరాలు పంచాడు. నిర్మల తన పొట్లం తీసుకుని, సైకిలు అక్కడే వదిలి వెళ్లింది.

విజయదశమి పొద్దున మొదటి పని ఆ సైకిలే. బాడీ ఎర్త్ పీకేశాడు. మర్నాడు చెన్నై పోయి కన్వర్టర్ డబ్బా తెచ్చాడు, మూడు బ్యాటరీల నుంచీ సమంగా తీసుకుని పన్నెండు ఇచ్చేది. బైకు బల్బుల బదులు కొంచెం కరెంటుతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలు పెట్టాడు. ఒక్క బ్యాటరీ మార్చితే పాతవాటితో పొసగదని మూడూ కొత్తవే వేశాడు. ఎర్ర వైరుకి ఎర్ర వైరు, నల్లదానికి నల్లది, దేనికదే సొంత దారి. ఆ పని అంతసేపూ నిర్మల స్టూలు మీద కూర్చుని చూసింది. ఏ వైరు ఎందుకో అడిగింది. అతను చెప్పాడు. మీటరు ఆమె చేతికి ఇచ్చి, "నువ్వే చూసుకో" అన్నాడు. ముళ్లు తగిలించే ముందు ఆమె కొంగుకి వేళ్లు తుడుచుకుంది. మూడు అంకెలూ సమంగా వచ్చాయి. "మొదటి స్విచ్చు..." అనబోయి కుప్పుస్వామి ఆగిపోయాడు. ఆమె దాన్ని అతని ముందు వేయలేదు. సైకిలు తోసుకుంటూ పోయింది.

దీపావళి లోపలే నిర్మల కురుచికుప్పం తరగతికి మానకుండా పోసాగింది. తరగతి ఆమె చేతి నుంచి పోలేదు. రోజూ పొద్దున స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎర్రదీపం వెలిగేది, దాటి పోయేది. కుప్పుస్వామి దాన్ని ఎవరికీ చూపించలేదు. వానకి భయపడని వైరు అనే మాట కూడా ఆ వీధిలో ఎవరూ అనడం లేదు, అతనూ అనడం లేదు. బండి తిరిగొస్తే ముందు "నా పనిలో తప్పుందేమో చూస్తా ఉండు" అంటాడు. ఇద్దరు ముగ్గురు వేరే కొట్టుకి మారిపోయారు, ఇంకొందరు ఆ మాట విని కొత్తగా వచ్చారు.

మార్గళి నెల చలిలో ఒకరోజు ఆ ఎర్రదీపం వెలిగి, ఆరలేదు. నిర్మల బ్రేకు పట్టుకునే కొట్టు ముందు ఆగింది. కుప్పుస్వామి చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాకా వచ్చాడు.

"బాగా పోతా ఉందా అమ్మా? ఏమన్నా తేడా ఉండాదా?"

"బాగుందన్నా. పోను రాను ఛార్జింగు మిగలతా ఉంది."

"మరి ఇంట్లో?"

"మొన్న మిక్సీ ఆగిపోతే వదినే పిలిచింది, నువ్వు చూడమ్మా అని. విప్పి బాగు చేసినా."

కుప్పుస్వామి మొహం విప్పారింది. ఏదో అనబోయాడు. ఆమె ఇంకా చెప్పడం అయిపోలేదు.

"నువ్వు అబద్ధం చెప్పినావని ఇప్పుడు కోపం లేదన్నా. నేనే నమ్మేసినా చూడు, దానికే కోపం. రోజూ ప్లగ్గు పెట్టింది నేను, తీసింది నేను, అయినా నీ మాటే నమ్మినా. ఇప్పుడు కూడా పొద్దున స్విచ్చు వేసే ముందర చెయ్యి ఒక్క క్షణం ఆగతాది. అది ఎప్పుడు పోతాదో చెప్పు."

ఆమె జవాబు కోసం ఆగలేదు. వెనక వచ్చే ఆటోకి కుడి సిగ్నలు వేసి, టిక్ టిక్‌మంటూ సందు మలుపు తిరిగింది.

కుప్పుస్వామి లోపలికి వచ్చి, ఎదురుచూస్తున్న మోపెడ్ ముందు కూర్చున్నాడు. వైరు కొన అలవాటుగా పళ్ల మధ్య పెట్టుకున్నాడు, ఆగి, దాన్ని బయటికి తీసి జేబులోని ప్లేయరు కోసం వెతుక్కున్నాడు.